రబ్బరు పెట్టి చెరిపిన డ్రైవరు

మొబైల్ డేటా చవకై, ఊళ్ళో ప్రతివారి చేతిలోకీ స్మార్ట్‌ఫోను వచ్చేసిన ఆ రోజుల్లో, కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్ళందరికీ లోకాన్ని బాగుచేసే బాధ్యత తమదేనన్న నమ్మకం ఒకటి ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, నాకది కాస్త ఎక్కువ మోతాదులోనే ఉండేది. విజయనగరంలో బీఎస్సీ కంప్యూటర్స్ అయ్యాక, హైదరాబాదు పంపడానికి ఇంట్లో ఒప్పుకోకపోవడంతో, సాలూరులో మా మేనత్త ఇంట్లో ఉంటూ అక్కడొక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో చేరాను. ఉద్యోగం పేరు కంప్యూటర్ ఆపరేటరు. మా అమ్మ మాత్రం చర్చిలో స్త్రీల కూడికలో లేచి నిలబడి, "మా అమ్మాయికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఇచ్చాడు దేవుడు" అని సాక్ష్యం చెప్పేసింది. (అప్పటికి ఆ ఆఫీసులో ఉన్న సాఫ్ట్‌వేరల్లా ప్రింటరుతో పాటు వచ్చిన ఒక సీడీ.) దేవుడి సన్నిధిలో అమ్మ చెప్పిన మాట అబద్ధం కాకూడదు కదా! అందుకని ఎలాగైనా ఆ ఆఫీసులో ఒక సాఫ్ట్‌వేర్ పుట్టించాలని కంకణం కట్టుకున్నాను.

ఆ ఆఫీసుకు పాతిక లారీలుండేవి. వాటి జాతకాలన్నీ ఒక లావుపాటి నోటుబుక్కులో ఉండేవి. ఆ నోటుబుక్కుకు సర్వాధికారి పెన్సిల్ బాబాయి. బాబాయంటే నాకు చుట్టం కాదు, ఆఫీసులో అందరికీ బాబాయే. చెవి మీద పెన్సిలు, జేబులో రబ్బరు లేకుండా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. నోటుబుక్కులో లారీకొక పేజీ. లారీ నంబరు, పర్మిట్టు, ఇన్సూరెన్సు వగైరాలు పెన్నుతో రాసి ఉండేవి, డ్రైవరు పేరు మాత్రం పెన్సిలుతో. ఎందుకంటే లారీ స్థిరం, దాని మీద డ్రైవరు మారుతుంటాడు. ఒకడు ఇంట్లో శుభకార్యమని దిగుతాడు, ఇంకొకడు ఎక్కుతాడు. బాబాయి పాత పేరును రబ్బరుతో రుద్ది, ఉఫ్ మని ఊది, కొత్త పేరు రాసేవాడు. "పెన్నుతో రాసీసినామంటే ఆడు రిటైరైపోయినా బండి దిగడమ్మీ" అనేవాడు. నోటుబుక్కును తిరగేస్తే వెనకవైపు డ్రైవర్ల పేజీలు. వయసు, లైసెన్సు, రక్తం గ్రూపు, ఇంటి ఫోను, భార్యాబిడ్డల వివరాలు అన్నీ అక్కడ పెన్నుతో ఉండేవి. ఆ ముందుకీ వెనక్కీ తిరగేయడం చూసి, పాపం ఈ ముసలాయనకు ఎంత శ్రమ అని నేను తెగ జాలిపడిపోయేదాన్ని.

కోడ్ ఒక్క ముక్క రాయకుండా, పెట్టెల్ని మౌసుతో లాగి అతికించుకుంటూ అప్లికేషన్ తయారుచేసుకునే సాఫ్ట్‌వేర్‌లు అప్పుడే మన దాకా వస్తున్నాయి. ఒక వీడియో చూసి, వారం రోజుల్లో మా ఆఫీసుకొకటి తయారుచేశాను. లారీలది ఒక పట్టిక, డ్రైవర్లది ఒక పట్టిక, రెంటికీ మధ్య ముడి. అంతవరకూ బాబాయి నోటుబుక్కే. నా ప్రతిభ అంతా ఆ తరవాతి మెట్టులో ఉంది. లారీ ఫారం తెరిస్తే, దాని కడుపులోనే ఆ డ్రైవరు ఫారం కూడా తెరుచుకునేలా పెట్టాను. ఫోను నంబరు మారిందా, లైసెన్సు రెన్యువల్ అయిందా, వెనక పేజీకి తిప్పక్కర్లేదు, లారీ పేజీలోనే దిద్దేయొచ్చు. "ఇక్కడే మార్చనివ్వాలా?" అని సాఫ్ట్‌వేర్ అడిగిన చోట మహదానందంగా టిక్కు పెట్టాను. అలా దిద్దేటప్పుడల్లా అది ఒక హెచ్చరిక చూపించేది. మీరు మారుస్తున్నది ఈ ఫారంలోది కాదు, దీనితో ముడిపడిన వేరే రికార్డు, సరేనా అని. "అస్తమానం ఏటో అడుగుతాదమ్మీ ఇది, పన్జేసుకోనీదు" అని బాబాయి విసుక్కుంటే, నిజమేనని ఆ హెచ్చరిక తీసేశాను. (నా జీవితంలో నేను చేసిన పెద్ద తప్పులన్నీ ఎవరో ఒకరి విసుగు తీర్చడానికి చేసినవే.)

బాబాయికి శిక్షణ ఇచ్చిన రోజు నేను పలికిన మాట నాకిప్పటికీ గుర్తుంది. "మీ నోటుబుక్కు లాగే అనుకోండి బాబాయ్. ఏది మారితే అది ఇక్కడే చెరిపి, ఇక్కడే రాసేయండి." బాబాయి రెండు వేళ్ళతో టైపు చేస్తూ, "ఓలమ్మో, ఊదక్కర్లేదు కూడాను!" అని మురిసిపోయాడు. నేనూ మురిసిపోయాను. ఆ సాయంత్రం అమ్మకు ఫోన్ చేసి, నీ సాక్ష్యం నిజమైందని చెప్పాను.

ఇక తెల్లచొక్కా అన్న సంగతి చెప్పాలి. లారీ డ్రైవర్లలో ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకునే మనిషి అతనొక్కడే. ఘాటీ రోడ్డు మీద టైరు మార్చొచ్చినా ఆ చొక్కాకు మరక అంటేది కాదు. వయసు ముప్పై నాలుగు. నాలుగు సంబంధాలు వచ్చి వెళ్ళిపోయాయి. లారీ డ్రైవరనగానే ఆడపిల్లవాళ్ళు భయపడేవారు. ఊరికో కాపురం ఉంటుందని లోకం పుట్టించిన మాట ఒకటుంది కదా, అది పాపం ఈ మనిషి మెడకు చుట్టుకుంది. అయిదో సంబంధం మాత్రం పెళ్ళిళ్ళ పేరయ్య తెచ్చింది కాదు. ఆమదాలవలసలో ఒక రైసు మిల్లు కాటా దగ్గర చీటీలు రాసే అమ్మాయి. బండి తూకానికి వెళ్ళినప్పుడల్లా చూపులు, ఆ తరవాత మాటలు, ఆ తరవాత ఇతని తెల్లచొక్కాలు రెండు ఎక్కువయ్యాయి. అమ్మాయి సరేనంది. వాళ్ళ నాన్న రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దాయన, ఆయన మాత్రం కాయితం మీద లేనిదేదీ నమ్మడట. "మీ ఆఫీసుకొచ్చి వాకబు సేస్తాడట అమ్మీ. నువ్వూ బాబాయీ నాలుగు మంచి మాటలు సెప్పండి. ఇది కూడా తప్పిపోతే నాను మరి పెళ్ళి మాటెత్తను" అన్నాడు తెల్లచొక్కా. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ కళ్ళలో నవ్వు లేదు. నేను భరోసా ఇచ్చాను. "మాటలెందుకన్నా, కంప్యూటర్లోనే చూపించేస్తాను కదా" అన్నాను.

పెద్దాయన ఆమదాలవలసలో పొద్దున్నే రైలెక్కి, విజయనగరంలో దిగి, అక్కడి నుంచి బస్సులో పదకొండు గంటలకల్లా మా ఆఫీసుకొచ్చాడు. చంకలో సంచి, జేబులో కళ్ళజోడు డబ్బీ. బాబాయి కుర్చీ తుడిచి వేసి, నోటుబుక్కు తీయబోతుంటే నేనే ఆపాను. "ఎందుకు బాబాయ్, ఈ కాలంలో!" అని మానిటరును పెద్దాయన వైపు తిప్పాను. తెల్లచొక్కా నడుపుతున్న బండి నంబరు చివర నలభై ఒకటి, మా అందరికీ దాని పేరు నలభై ఒకటే. దాని ఫారం తెరిచి, "చదువుకోండి సార్, దాపరికం ఏమీ లేదు" అన్నాను. ఆ మాట అన్నందుకు నన్ను నేను చాలా ఏళ్ళు క్షమించుకోలేదు.

పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని, స్క్రీన్ మీద వేలుంచి, ఒక్కొక్క గడీ పైకి చదవడం మొదలుపెట్టాడు. "పేరు... ఊఁ, సరే. వయసు... నలభై తొమ్మిది." వేలు ఆగింది. గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ తెల్లచొక్కాను ఎగాదిగా చూశాడు. మళ్ళీ వేలు కదిలింది. "రక్తం, బీ పాజిటివ్. చత్వారం, ఉన్నాది." "భార్య..." అంటూ ఆయన ఒక ఆడమనిషి పేరు చదివాడు. చదివి, చాలా నెమ్మదిగా, "పిల్లలు ముగ్గురు" అన్నాడు. తెల్లచొక్కాకు స్క్రీన్ కనిపించదు, అందుకని ఆ మనిషి ఇంకా వినయంగా నవ్వుతూనే ఉన్నాడు. పెద్దాయన చదువుతున్నది ఇంకెవరి గురించో అనుకున్నాడట.

ఇక్కడ నేను ఒక నిజం ఒప్పుకోవాలి. ఏడాదిగా రోజూ చూస్తున్న మనిషి, తన టిఫిను డబ్బాలోంచి నాకు పెసర అట్టు పెట్టిన మనిషి ఎదురుగా ఉన్నాడు. పక్కన నేను వారం రోజుల్లో అతికించిన పెట్టెలు ఉన్నాయి. నేను పెట్టెల్నే నమ్మాను. "ఏంటన్నా ఇది?" అని అతన్నే నిలదీశాను. అతను వచ్చి స్క్రీన్ చూశాడు. మొహం చొక్కా కన్నా తెల్లబడింది. "ఏటమ్మీ, నువ్వు కూడా నమ్మీసినావా?" అన్నాడు.

పెద్దాయన లేచి సంచి తీసుకున్నాడు. "సర్వీసంతా రైల్వేలో సేసినాను బాబూ. రాసిందే నిజం, నోటిమాట నెక్కలోకి రాదు మా దగ్గిర. నా కూతురు ముందే మురిసిపోతన్నాది, ఇప్పుడు దానికేటి సెప్పాలి?" అని గుమ్మం వైపు నడిచాడు. బాబాయి అడ్డంపడి, "టీ అయినా తాగి ఎల్దురు గాని కూకోండి బాబూ" అని బతిమాలుతున్నాడు. నేనేమో కంగారులో ఒక బండి తరవాత ఒక బండి ఫారం తెరుస్తున్నాను. పదిహేడులో డ్రైవరు తెల్లచొక్కా. ఇరవై మూడులోనూ తెల్లచొక్కా. ఏడుపు గొంతుతో పైకే అనేశాను, "బాబాయ్, ఇందులోనూ ఇతనే, అందులోనూ ఇతనే!"

గుమ్మం దాటబోయిన పెద్దాయన ఆగాడు. "ఆ బళ్ళు ఇప్పుడెక్కడున్నాయి?" అని అడిగాడు. ఒకటి రాయపూర్ దారిలో ఉంది, ఒకటి జయపురంలో లోడింగులో ఉందని బాబాయి చెప్పాడు. "నలభై ఒకటి?" వీధిలోనే ఉంది, వేపచెట్టు కింద. పెద్దాయన వెనక్కి వచ్చి కూర్చున్నాడు. "ఒక్క డ్రైవరు ఒకే టయానికి మూడు బళ్ళు నడుపుతాడేటి? మా రైల్వేలో ఇలగ రాసినోణ్ణి ఆ పూటే ఇంటికి పంపీసేవోరు. ఇందులో ఏదో తేడా ఉన్నాది. ఆ ఇంటి ఫోనుకి కొట్టమ్మా, సూద్దాం" అన్నాడు. నా కంప్యూటరు అబద్ధమాడుతోందని ఆ ఆఫీసులో మొట్టమొదట కనిపెట్టిన మనిషి, కంప్యూటరు ముట్టుకోనాయనే.

ఫోను స్పీకర్లో పెట్టి కొట్టాను. అవతల ఒక ఆడగొంతు పలికింది. ఫలానా తెల్లచొక్కా డ్రైవరు మీ ఆయనేనా అమ్మా అని పెద్దాయన మర్యాదగా అడిగాడో లేదో, ఫోను పేలినంత పనైంది. "ఎవుడ్రా ఆ మాటన్నోడు? ఆ తెల్లసొక్కా గుంటడు నాకు తమ్ముడీడు! నా మొగుడు రేడియో డ్రైవరని సాలూరంతటికీ తెలుసు. పొద్దున లేస్తే నోరు మూయడు, ఈ ఒక్కడితో వేగలేకే నాను సస్తంటే, ఇంకొకణ్ణి కూడా నాకు తగిలించీసినారేటి? ఆఫీసుకొచ్చి మీ సంగతి సూస్తానుండండి!" వెనక నుంచి ఒక మగగొంతు "ఎవులే? ఏటంతన్నారు? నాకియ్యి, నాను మాటాడతాను" అంటూనే ఉంది. అది మా రేడియో మావ. ఎప్పుడూ వాగుతూనే ఉంటాడని డ్రైవర్లందరూ ఆయనకు పెట్టిన పేరది. పెద్దాయన మీసాల కింద మొదటిసారి నవ్వు కదిలింది.

అప్పుడు బాబాయి తల గోక్కుంటూ నా పక్కకొచ్చాడు. "అమ్మీ, ఇది నాను సేసిన పనేనేమో. నలభై ఒకటి మీంచి రేడియోగాడు దిగీసి, ఈడు ఎక్కినాడు కదా. నువ్వే అన్నావు కదేటి, ఇక్కడే సెరిపి ఇక్కడే రాసీమని. ఆ పేరు సెరిపీసి ఈ పేరు రాసీసినాను. మిగతావి ముట్టుకోనేదు." నాకు ఒక్కసారిగా అంతా అర్థమైంది. బాబాయి తాను చెరిపింది లారీ పేజీలో పెన్సిలు రాత అనుకున్నాడు. నా ఫారం మాత్రం ఆయన చేత వెనక పేజీలోని రేడియో మావ పేరునే చెరిపించింది. వయసూ, చత్వారం, పెళ్ళాం, పిల్లలూ రేడియో మావవి, మీద పేరు మాత్రం తెల్లచొక్కాది. రేడియో మావ ఎక్స్‌ట్రా డ్రైవరుగా ఉన్న ఇంకో రెండు బళ్ళలోకి కూడా ఆ కొత్త పేరు దానంతటదే పాకేసింది. అసలు రేడియో మావ మా ఆఫీసు రికార్డుల్లోంచి పూర్తిగా మాయమైపోయాడు. (అంత నోరున్న మనిషిని మాయం చేయడం ఇంకెవరి వల్లా అయ్యేది కాదు.)

"తప్పు బాబాయిది కాదండీ, నాది" అన్నాను పెద్దాయనతో. "జాబితాలోంచి వేరే మనిషిని ఎంచుకోవలసిన చోట, ఉన్న మనిషినే దిద్దేసేలా పెట్టాను. అడ్డంవచ్చిన హెచ్చరిక కూడా నేనే తీసేశాను." ఆయనకు అందులో ఎంత అర్థమైందో తెలీదు. "మరి నిజమెక్కడ రాసున్నాదమ్మా?" అని మాత్రం అడిగాడు. బాబాయి, కంప్యూటరు వచ్చాక కూడా రాయడం మానని ఆ నోటుబుక్కు తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాడు. ముందు నలభై ఒకటి పేజీ తీసి, కిటికీ వెలుగుకు ఏటవాలుగా పట్టుకున్నాడు. తెల్లచొక్కా పేరు కింద, రబ్బరు రుద్దిన చోట, రేడియో మావ పేరు అచ్చు పడి కనిపిస్తోంది. దాని కింద ఇంకొకరిది, దాని కింద ఇంకొకరిది. "రబ్బరెంత రుద్దినా అచ్చు పోదు బాబూ, ఎవులు ఎక్కినారో ఎవులు దిగినారో అంతా ఉంటాది" అన్నాడు. నా సాఫ్ట్‌వేర్‌లో అలాంటి జాడ ఒక్కటీ లేదు. చెరిపితే చెరిపినట్టే.

తరవాత బాబాయి నోటుబుక్కు తిరగేసి, వెనకవైపు తెల్లచొక్కా పేజీ తీశాడు. పెద్దాయన వేలు మళ్ళీ కదిలింది. వయసు ముప్పై నాలుగు, పెన్నుతో. లైసెన్సు, పెన్నుతో. రక్తం గ్రూపు, పెన్నుతో. చివర "పెళ్ళి: కాలేదు" అని ఉంది. ఆ పేజీ మొత్తం మీద ఆ ఒక్క "కాలేదు" మాత్రం పెన్సిలుతో రాసి ఉంది. "ఇదొక్కటీ పెన్సిలుతో ఎందుకు రాసినావు?" అని అడిగాడు పెద్దాయన. బాబాయి చెవి మీది పెన్సిలు సవరించుకుంటూ, "అది ఎప్పటికైనా మారాల్సిన మాట కదండీ. పెన్నుతో రాయడానికి నాకు సెయ్యి రాలేదు" అన్నాడు. తెల్లచొక్కా గోడవైపు తిరిగిపోయాడు. నేను ఏడవలేదని చెబితే మీరు నమ్మరు. పెద్దాయన కళ్ళజోడు తీసి, తుడిచి, డబ్బీలో పెట్టుకున్నాడు. "ఆ ఒక్కమాటా సెరిపీడానికి ముహూర్తం సూసుకుందాం లెండి. ముందు ఆ టీ ఏదో తెప్పించండి" అన్నాడు.

ఆ వారమంతా కూర్చుని ఫారం మార్చాను. లారీ ఫారంలో డ్రైవరును జాబితాలోంచి ఎంచుకోవడమే. అతని వివరాలు కింద కనిపిస్తాయి గానీ, అక్కడ దిద్దడానికి తాళం వేశాను. దిద్దాలంటే అతని సొంత పేజీకే వెళ్ళాలి. ఎవరు ఏ బండి ఎప్పుడు ఎక్కి ఎప్పుడు దిగారో దాచుకునే పట్టిక ఇంకొకటి పెట్టాను. బాబాయి చూసి, "ఇప్పుడు దీనికి కూడా రబ్బరు అచ్చులు పడతన్నాయమ్మీ" అని మెచ్చుకున్నాడు. అంటే, వెనక్కి తిప్పడం అనే శ్రమను తప్పించాలని బయల్దేరి, రెండు నెలల తరవాత నేను చేరిన చోటు బాబాయి నోటుబుక్కు. ఆ సంగతి అమ్మకు చెప్పలేదు. ఆమె అప్పటికే ఇంకోసారి సాక్ష్యం చెప్పేసింది.

పెళ్ళికి నలభై ఒకటినే బంతిపూలతో అలంకరించుకుని, అందరం అందులోనే ఆమదాలవలస వెళ్ళాం. రేడియో మావ దారంతా మాట్లాడుతూనే ఉన్నాడు. వాళ్ళావిడ పెళ్ళికూతురి చెయ్యి పట్టుకుని, "కాయితం మీద నీకన్నా ముందు నానే వీడి పెళ్ళాన్ని, జాగర్త!" అని బెదిరిస్తే పందిరంతా ఘొల్లుమంది. తాళి కట్టగానే బాబాయి నోటుబుక్కు తీసి (అవును, పెళ్ళికి కూడా తెచ్చాడు), ఆ "కాలేదు"ను రబ్బరుతో చెరిపి, ఊది, పెద్దాయన జేబులోని పెన్ను అడిగి తీసుకుని "అయినది" అని రాశాడు.

నేనిప్పుడు విశాఖపట్నంలో ఇలాంటి అప్లికేషన్లు తయారుచేసే పనిలోనే ఉన్నాను. ఫారం లోపల ఇంకో ఫారం పెట్టి, "ఇక్కడే మార్చనివ్వాలా?" అన్న గడి ఎదురైనప్పుడల్లా నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. మొన్నొక ఆదివారం చర్చి నుంచి వస్తుంటే తెల్లచొక్కా ఫోన్ చేశాడు. "అమ్మీ, రెండోది పుట్టినాది, ఆడపిల్ల. నిన్ననే కళ్ళ డాక్టరుకి సూపించుకుంటే సత్వారం కూడా వచ్చీసిందన్నాడు. నువ్వానాడు తప్పు రాయనేదమ్మీ, కాసింత ముందుగా రాసీసినావు, అంతే" అని పగలబడి నవ్వాడు. ఇంతలో వాళ్ళావిడ ఫోను లాక్కుంది. "ఒదినా, నీకు దణ్ణం గాని, ఆ పిల్లలు ముగ్గురన్న కాడ మాత్రం బేగి ఎల్లి రెండని మార్చీయి. తాళం గీళం ఏసీసినావేటి?" వేసేశానని చెప్పడానికి ధైర్యం చాలలేదు. అలాగే వదినా అని ఫోను పెట్టేసి, నడిరోడ్డు మీద ఒక్కదాన్నే నవ్వుకుంటూ నిలబడిపోయాను. మానిటరు తిప్పి "దాపరికం ఏమీ లేదు" అన్న ఆ పిల్ల మీద, ఇన్నాళ్ళకు మొదటిసారి, నాకు కోపం రాలేదు.